ఫైబర్ బోటుకు నమ్మకమైన జీపీఎస్, ఎకో సౌండర్ ఏది కొనాలి? అమెరికా నుంచి తెప్పించుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కాకినాడలో 9 మీటర్ల ఫైబర్ బోటు, లోపల డీజిల్ ఇంజిన్, ఒడ్డు నుంచి 35–40 మైళ్ల దాకా వేట. పాత జీపీఎస్ పాడైపోయింది. చేతిలో లక్ష రూపాయలున్నాయి. అమెరికాలో ఉన్న మీ బావగారు పెద్ద టచ్‌స్క్రీన్ ప్లాటర్ (సముద్రపు చార్టు మీద బోటు స్థానం చూపించే జీపీఎస్), దాంతోపాటు ఒక శాటిలైట్ మెసెంజర్ పంపుతానంటున్నారు. ఏ కంపెనీని నమ్మాలి, ఫోన్ ఉండగా ఇవన్నీ కొనాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ముందు 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్ (బోట్లు, ఓడలతో మాట్లాడే రేడియో) కొనండి. తర్వాత బటన్లున్న 5 నుంచి 7 అంగుళాల జీపీఎస్, ఎకో సౌండర్ (శబ్దం పంపి నీటి లోతు చూపించేది) కలిపిన సెట్ ఒకటి. దాంతో ఏ సంబంధం లేకుండా పెన్సిల్ సెల్స్‌తో నడిచే చేతి జీపీఎస్ ఇంకొకటి. మత్స్యశాఖ వేయించే ట్రాన్స్‌పాండర్‌కు (ఉపగ్రహం ద్వారా కబుర్లు పంపే పరికరం) పేరు రాయించుకోండి. ఫోన్ మూడో దిక్కుగా ఉండనివ్వండి. బావగారి మెసెంజర్ మాత్రం వద్దని ఈ రోజే చెప్పేయండి.

కంపెనీ విషయానికొస్తే ఫురునో, గార్మిన్, కోడెన్, వైర్‌లెస్‌లో ఐకామ్ లాంటి పాత పేర్లలో ఏదైనా పర్వాలేదు. వాటి మధ్య తేడా మీరు అనుకునేంత లేదు. కాకినాడలో గానీ విశాఖలో గానీ ఆ కంపెనీ సెట్ విప్పి బాగుచేసేవాడు ఉన్నాడా, కేబులు, పిన్ను దొరుకుతాయా అన్నది చూడండి. ఎంత గొప్ప సెట్టయినా విడిభాగం కోసం ముంబై పంపి రెండు నెలలు ఎదురుచూడాల్సి వస్తే, ఆ రెండు నెలలూ మీ బోటులో సెట్ లేనట్టే లెక్క.

నేను విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఈ సెట్లు బిగిస్తూ, బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ణి. "సెట్ పోయింది" అని నా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలావాటికి అసలు ఏమీ కాదు. పోయింది కరెంటు. అందుకే కరెంటు గురించి ముందు కాస్త వివరంగా చెప్తాను. దీని మీద పెట్టే ఐదు వేలు సెట్ మీద అదనంగా పెట్టే ఇరవై వేల కంటే ఎక్కువ పని చేస్తాయి.

మీ బోటులో బ్యాటరీ ఒకటే ఉంటే, దాని మీదే సెల్ఫ్ స్టార్టూ, లైట్లూ, జీపీఎస్సూ అన్నీ ఉంటే ఒక పరీక్ష చేయండి. మల్టీమీటరు తీసుకుని బ్యాటరీ దగ్గర కాదు, జీపీఎస్ వెనక ప్లగ్గు దగ్గర పెట్టండి. 12 వోల్టుల బ్యాటరీ అయితే ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించాలి. ఇప్పుడు ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అంకె ఎంత దాకా పడిందో చూడండి. 9 దాకా పడితే చాలా సెట్లు ఆగి మళ్లీ లేస్తాయి. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే ఒకనాడు లేవకుండా పోతాయి, లేకపోతే లోపల దాచుకున్న పాయింట్లు (గుర్తుపెట్టుకున్న చోట్లు) చెరిగిపోతాయి. మందు సులువే. సెట్లకు విడిగా చిన్న బ్యాటరీ, బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజుతో వైరు, మధ్యలో అతుకులు ఉండకూడదు. వైరు కూడా తగరం పూత ఉన్న రాగి వైరు అడగండి. మామూలు ఇంటి వైరు ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండానే లోపల నల్లబడుతుంది. పైన తొడుగు చూస్తే కొత్తదిలాగే ఉంటుంది, గోరుతో గీకితే లోపలి పోగులు బూడిదలా రాలతాయి.

ప్లగ్గు విప్పి పిన్నులు కూడా చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే అది మీ పాత సెట్ జబ్బు కావచ్చు. కొత్తది కొనేముందు పాతదాన్ని నేరుగా బ్యాటరీ మీద పెట్టి చూశారా? చూడకపోతే ముందు అది చేయండి. డబ్బు మిగిలినా మిగలొచ్చు.

కరెంటు కథలోనే ఇంకో చిన్న సంగతి. ఒక బోటువాళ్లు రాత్రిపూట వైర్‌లెస్ పనిచేయట్లేదని, పగలు బాగానే ఉంటుందని వచ్చారు. సెట్ మార్చారు, యాంటెన్నా మార్చారు, ఫలితం లేదు. వెళ్లి చూస్తే, వైర్‌లెస్ యాంటెన్నా పక్కనే కొత్తగా వేసిన చవక ఎల్‌ఈడీ లైటు ఉంది. ఆ లైటు లోపలి సర్క్యూట్ వీహెచ్‌ఎఫ్ తరంగాల మీద రొద చేస్తుంది. అమెరికా కోస్ట్‌గార్డ్ 2018లో దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. మీరే పరీక్షించుకోవచ్చు. సెట్‌లో స్క్వెల్చ్ బటన్ గరగర శబ్దం ఆగేదాకా తిప్పి, లైట్లు ఒక్కొక్కటి వేయండి. ఏ లైటు వేయగానే గరగర మళ్లీ మొదలైతే దొంగ అదే.

టచ్‌స్క్రీన్ ఎందుకు వద్దంటున్నానంటే, మీ చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, ఆ పైన చేపల జిగట. తెర మీద ఉప్పునీటి చుక్క పడితే అదే వేలనుకుని మెనూలు వాటంతటవే తెరుచుకుంటాయి. తెర పెద్దదైతే కరెంటూ ఎక్కువ తాగుతుంది. ఇంకో మాట, బటన్లున్న సెట్‌ను మీ కళాసీ కుర్రాడు చీకట్లో కూడా తడిమి నడపగలడు. ఎండలో తెర కనిపిస్తుందో లేదో మాత్రం షాపు లోపల చూసి ఒప్పుకోకండి, బయటికి తెచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి చూడండి. ఐపీఎక్స్7 అని రాసి ఉండాలి. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలని అర్థం. కొత్త సెట్‌కే ఈ లెక్క. వెనకాల రబ్బరు మూత ఊడిపోయాక ఆ అంకెకు విలువ లేదు.

ఫోన్ సంగతి. సముద్రంలో సిగ్నల్ పోతే ఫోన్‌లో జీపీఎస్ కూడా పోతుందని కొందరు అనుకుంటారు, అది తప్పు. ఉపగ్రహాలను పట్టడానికి టవరు అక్కర్లేదు, మ్యాపు ముందే దించుకుని ఉంటే చాలు. కానీ ఎండకు వేడెక్కి ఆగిపోతుంది, తడి వేలికి పలకదు, సాయంత్రానికి ఛార్జింగ్ ఉండదు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మూడోదిగా ఉంచుకోండి. రెండోది మాత్రం చేతి జీపీఎస్సే. నీళ్లలో తేలే రకం తీసుకుంటే మంచిది. గార్మిన్ 78 వరుసవి తేలతాయి, ఈట్రెక్స్ మునుగుతుంది, దానికి తాడు కట్టుకోవాలి. రెండు సెట్లూ ఒకే బ్యాటరీ మీద ఉంటే రెండు ఉన్నట్టు కాదు, అందుకే పెన్సిల్ సెల్స్‌ది అంటున్నాను. కొత్త సెల్స్ జత ఒకటి విడిగా మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి.

ఇక అమెరికా సామాను. ప్లాటర్ తెప్పించుకోవడం తప్పేమీ కాదు గానీ లాభం తక్కువ. అక్కడ కొన్నదానిలో వివరమైన చార్టు సాధారణంగా అమెరికా తీరానిదే ఉంటుంది. మన తీరానికి ఉత్త గీత కనిపిస్తుంది. మన ప్రాంతం కార్డు మళ్లీ కొనాలి. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. వైర్‌లెస్, ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల తెర మీద మీ బోటు పేరు చూపించేది) లాంటివైతే ఇంకో చిక్కుంది. వాటిలో బోటు గుర్తింపు సంఖ్య, అంటే తొమ్మిది అంకెల ఎంఎంఎస్ఐ నంబరు ఎక్కించాలి. చాలా సెట్లు దాన్ని ఒకటి రెండుసార్లకు మించి ఎక్కించనివ్వవు. భారత్ బోటు నంబరు 419తో మొదలవుతుంది. ఎవరో వాడి ఇచ్చిన సెట్‌లో వేరే దేశం నంబరు కూర్చుని ఉంటే, ఆపదలో మీరు నొక్కిన బటన్ ఇంకెవరో బోటు పేరు చెప్తుంది.

శాటిలైట్ మెసెంజర్ విషయంలో మొహమాటపడొద్దు. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ, ఉపగ్రహం ద్వారా మెసేజీలు పంపే పరికరం గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. తెలియక బ్యాగులో తెచ్చిన విదేశీయులను విమానాశ్రయాల్లోనే ఆపి కేసులు పెట్టిన వార్తలు వచ్చాయి. పైగా మీది చేపల బోటు. 2008 నవంబరులో ముంబై మీద దాడికి వచ్చినవాళ్లు 'కుబేర్' అనే చేపల బోటును పట్టుకుని దానిలోనే వచ్చారు. ఆ తర్వాత తీరంలో తనిఖీలు ఎలా ఉన్నాయో మీకు తెలియంది కాదు. మంచి మనసుతో పంపిన వస్తువు వల్ల మీరు స్టేషన్ చుట్టూ తిరగడం ఎందుకు? మామూలు వీహెచ్‌ఎఫ్‌కు కూడా లైసెన్సు ఉంటుంది. అమ్మేవాణ్ణీ, మత్స్యశాఖ ఆఫీసునూ అడిగి ఆ కాగితాలు చేయించుకోండి.

ఆ మెసెంజర్ చేసే పని చేయడానికి మనకు చట్టబద్ధమైనవే ఉన్నాయి. ఎందుకు అవసరమో తెలియాలంటే వీహెచ్‌ఎఫ్ లెక్క తెలియాలి. వీహెచ్‌ఎఫ్ తరంగం కంటిచూపులాగే తిన్నగా వెళ్తుంది, భూమి వంపు దాటదు. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.2తో గుణిస్తే ఎన్ని మైళ్లు (నాటికల్ మైళ్లు) చూస్తుందో వస్తుంది. మీ యాంటెన్నా నీటిమట్టం నుంచి 4 మీటర్లుంటే నాలుగున్నర మైళ్లు. ఎదుటి బోటుదీ అంతే అయితే ఇద్దరి మధ్యా తొమ్మిది మైళ్లు. ఒడ్డున నూరు మీటర్ల టవరు ఉన్నా మొత్తం ఇరవై ఆరు, ఇరవై ఏడు మైళ్లు. మీరు 40 మైళ్ల దగ్గర ఉన్నారు. అంటే అక్కడ నుంచి 25 వాట్లతో అరిచినా ఒడ్డు వినదు, చుట్టుపక్కల బోట్లు, ఓడలు వింటాయి. అలాగని వీహెచ్‌ఎఫ్ వద్దనుకోకండి. ఆపదలో ముందు చేరగలిగేది పక్క బోటే. అందుకే దాన్ని మొదట పెట్టాను. సెట్ ఎప్పుడూ 16వ ఛానల్ మీద ఉండాలి, కబుర్లకు వేరే ఛానల్ వాడుకోండి. యాంటెన్నాను రెండు మీటర్లు పైకెత్తితే వచ్చే లాభం ఖరీదైన సెట్ కొన్నా రాదు.

సెట్ మీద మూత కింద ఎర్ర బటన్ ఉన్నది, అంటే డీఎస్సీ ఉన్నది తీసుకోండి. అది పట్టి ఉంచి నొక్కితే 70వ ఛానల్‌లో ఆపద సందేశం దానంతటదే వెళ్తుంది. కానీ మీరెక్కడున్నారో దానికి తెలియాలంటే జీపీఎస్ నుంచి రెండు చిన్న వైర్లు వైర్‌లెస్‌కు కలపాలి, లేదా లోపలే జీపీఎస్ ఉన్న సెట్ అయ్యుండాలి. ఎన్నో బోట్లలో ఎర్ర బటన్ ఉంటుంది, నంబరు ఎక్కించరు, వైర్లు కలపరు. బిగించేవాడు వెళ్లేముందు వైర్‌లెస్ తెర మీద అక్షాంశ రేఖాంశాలు చూపించమనండి. కనిపించకపోతే డబ్బివ్వకండి.

40 మైళ్ల నుంచి ఒడ్డుకు చెప్పేది ఉపగ్రహమే. ఇస్రో తయారుచేసిన డాట్ అనే ఆపద సూచిక ఉంది. బటన్ నొక్కితే మీ స్థానంతో సహా సందేశం ఇస్రో కేంద్రానికి, అక్కడి నుంచి కోస్ట్‌గార్డ్‌కు వెళ్తుంది. రెండో తరం డాట్‌లో "మీ సందేశం అందింది" అని తిరుగు కబురు కూడా వస్తుంది. సముద్రంలో అదెంత ధైర్యమో చెప్పక్కర్లేదు. ఇక ట్రాన్స్‌పాండర్. లక్ష చేపల బోట్లకు వీటిని బిగించే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మొదలుపెట్టింది. ఇదీ ఇస్రో సాంకేతికతే. నభమిత్ర అనే యాప్‌తో ఫోన్‌కు కలుస్తుంది, రెండువైపులా కబుర్లు పంపుకోవచ్చు, సరిహద్దు దగ్గరైతే హెచ్చరిస్తుంది. మీకు సరిహద్దు దూరమే గానీ, 2018లో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర బయటపడిన మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ల ఇళ్లలో అడిగితే ఆ హెచ్చరిక విలువ చెప్తారు. మీ వంతు ఎప్పుడో, మిగతా పరికరాలకు సబ్సిడీ ఎంతో మత్స్యశాఖ ఆఫీసులోనే కనుక్కోండి. సొంత డబ్బుతో కొనేశాక అడిగితే రాకపోవచ్చు.

ఒక అపోహ తీరుస్తాను. ట్రాన్స్‌పాండర్ ఉంది కాబట్టి ఓడలకు మనం కనిపిస్తాం అనుకోకండి. ఎదురొచ్చే ఓడ తెర మీద మీ పేరు రావాలంటే ఏఐఎస్ వేరే ఉండాలి. ఫైబర్ బోటు రాడార్‌కు సరిగా దొరకదు. కాకినాడ లంగరు ప్రాంతం చుట్టూ రాత్రిపూట తిరుగుతారు కాబట్టి డబ్బు మిగిలితే క్లాస్ బి ఏఐఎస్ పెట్టండి. మిగలకపోతే కనీసం అల్యూమినియం రాడార్ రిఫ్లెక్టర్ పైన కట్టండి, అది చవక.

ఎకో సౌండర్ దగ్గర కంపెనీ కంటే ట్రాన్స్‌డ్యూసర్, అంటే శబ్దం పంపి తిరిగి పట్టే భాగం, ఎక్కడ పెడతారన్నదే ముఖ్యం. 50, 200 కిలోహెర్ట్జ్ రెండూ ఉన్నది తీసుకోండి. యాభై బారల లోపు 200 బాగా విడమరిచి చూపిస్తుంది, ఇంకా లోతుకు 50 కావాలి. గోదావరి మొగలకు (నది సముద్రంలో కలిసే చోట్లకు) బయట నేల ఒక్కసారిగా జారిపోతుంది కాబట్టి మీకు రెండూ పనికొస్తాయి. ఫైబర్ బోటుకు అడుగున కన్నం పెట్టకుండా లోపలి నుంచే అంటించవచ్చు, కాస్త శక్తి తగ్గినా నీళ్లు కారే భయం ఉండదు. కానీ అడుగు గట్టి ఫైబర్ అయ్యుండాలి. మధ్యలో ఫోమో చెక్కో ఉంటే శబ్దం దాటదు. అంటించే ముందు ఇలా చూడండి: పల్చటి ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ను అందులో ముంచి మూతి కట్టి, అనుకున్న చోట తడిపి ఆనించండి. బోటు నీళ్ల మీద ఉండగా, లోతు తెలిసిన చోట తెర మీద అంకె సరిగా వస్తే అక్కడ అంటించండి. జిగురులో గాలిబుడగ ఒక్కటున్నా పని చెడుతుంది. వేగంగా వెళ్లేటప్పుడు అంకె పోతుంటే ట్రాన్స్‌డ్యూసర్ కిందుగా నురగ పారుతోందన్నమాట, సెట్‌ను తిట్టి లాభం లేదు.

చార్టు మీద నమ్మకం ఎంతవరకు? బయట సముద్రంలో బాగానే నమ్మొచ్చు. మొగల దగ్గర మాత్రం నమ్మొద్దు. గోదావరి ఇసుక ఏటా మారుతుంది, హోప్ ఐలాండ్ చివర పెరుగుతూనే ఉంది, చార్టులో గీత మాత్రం కదలదు. అక్కడ మీ సొంత ట్రాకే మేలు. పగటిపూట పోటు మీద సరిగ్గా వచ్చిన దారిని సెట్‌లో సేవ్ చేసుకుని, ప్రతి వరద తర్వాత కొత్తది వేసుకోండి. చమురు ప్లాట్‌ఫారాల చుట్టూ 500 మీటర్లు నిషేధం. వాటిని పాయింట్లుగా పెట్టుకుని అలారం వేయండి.

బిగించాక ఒక్కసారి సెట్టింగులు చూసుకోండి. డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే ఆధారం) డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి. పాత సెట్‌లో ఎవరో 'ఇండియన్' అని పెట్టి ఉంటే రెండు మూడు వందల మీటర్లు తేడా కొడుతుంది. డబ్ల్యూఏఏఎస్ అన్నది ఆన్‌లో పెట్టండి, సెట్‌కు ఆ వసతి ఉంటే, జీపీఎస్ స్థానాన్ని ఇంకా సరిచేసే మన ఉపగ్రహ వ్యవస్థ గగన్ సవరణ దాంతోనే అందుతుంది. ఇక అందరూ తడబడేది పాయింటు రాసే పద్ధతిలో. 16 డిగ్రీల 48.45 నిమిషాలు వేరు, 16 డిగ్రీల 48 నిమిషాల 45 సెకన్లు వేరు. రెంటికీ మధ్య అర కిలోమీటరు పైనే ఉంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సమాచారమైనా, పక్క బోటువాళ్లు వాట్సాప్‌లో పంపే పాయింటైనా, ఏ పద్ధతిలో ఉందో చూసి సెట్‌లో అదే పెట్టి ఎక్కించండి. వల తెగిన చోటు అర కిలోమీటరు పక్కన గుర్తుపెట్టుకుంటే మళ్లీ అక్కడే తెగుతుంది.

బోటు ఆగి ఉన్నప్పుడు జీపీఎస్ బాణం పిచ్చిగా తిరుగుతుంది, కంగారు పడకండి. కదిలితేనే దానికి దిక్కు తెలుస్తుంది. అందుకే మామూలు దిక్సూచి తీసేయొద్దు, దాని పక్కన స్పీకరు మాత్రం పెట్టొద్దు, అందులోని అయస్కాంతం ముల్లును తప్పిస్తుంది.

సెకండ్ హ్యాండ్ గురించి మీరు అడగలేదు గానీ లక్షలో సర్దుకోవాలంటే ఎవరో ఒకరు అంటగట్టడానికి వస్తారు. ఆన్ చేసి తేదీ చూడండి. 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క సున్నాకు తిరిగింది. దాంతో చాలా పాత సెట్లు తేదీ ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తున్నాయి. స్థానం బాగానే చూపించవచ్చు గానీ, కంపెనీ ఇక పట్టించుకోని సెట్ అని అర్థం. వద్దనండి.

మీ పాత సెట్‌ను మాత్రం పారేయొద్దు. మా దగ్గరికి ఒక పెద్ద సరంగు చచ్చిపోయిన సెట్ తెచ్చి, "సెట్ పోతే పోయిందిరా, లోపల పాయింట్లు తీసివ్వు" అని రోజంతా బల్ల దగ్గరే కూర్చున్నాడు. బాగు చేయించి పాయింట్లన్నీ కార్డులోకీ, ఒక కాపీ నోటు పుస్తకంలోకీ ఎక్కించుకోండి. ఆ పుస్తకం ఇంట్లో ఉండాలి, బోటులో కాదు.

ఇదంతా వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు పెట్టుకుంటే మంచిది. బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది. జూన్ రెండో వారంలో మాత్రం ఏ మెకానిక్కూ దొరకడు. బోటు అడుగు గట్టి ఫైబరా, మధ్యలో ఫోమ్ ఉందా, బ్యాటరీ 12 వోల్టులా 24 వోల్టులా అన్నది చెప్తే ఏ మోడల్ సరిపోతుందో, లక్షలో ఎలా సర్దాలో లెక్క వేసి పెడతాను. సెల్ఫ్ కొట్టినప్పుడు ప్లగ్గు దగ్గర ఎంత పడిందో ఆ అంకె కూడా రాయండి.